నీళ్లు తెచ్చిన కుటుంబం

ఉదయం తవ్వకం, మధ్యాహ్నం విశ్రాంతి, సాయంత్రం ఊరివాళ్ల కృతజ్ఞతలు స్వీకరించడం. ఆ రోజుకు ముందుచూపు వేసుకున్న పథకం ఇదీ. ఆఫీసులో ఆయన్ని అందరూ ఆ పేరుతోనే పిలుస్తారు. ఎండ కాసే రోజు గొడుగు తెచ్చుకుని, వాన కురిసే రోజుకు దాన్ని ఆఫీసులోనే మరిచిపోయి ఇంటికెళ్లే మనిషికి ఆ పేరు పెట్టినవాడెవడో గాని, గట్టివాడే.

పెళ్లాన్నీ, కూతుర్నీ, అత్తగారినీ వెంటేసుకుని, సముద్రం దాటి, పేరు పలకడానికైనా నోరు తిరగని ఈ కొండ ఊరికి ఆయన ఊరకే రాలేదు. నోరెండిన జనానికి మంచినీళ్లు ఇవ్వడానికి వచ్చాడు. కనీసం అందరికీ అలాగే చెప్పాడు. అసలు సంగతేమిటంటే, ఆఫీసులో ప్రాంతీయ మేనేజరు కుర్చీ ఖాళీ అయింది. డైరెక్టరుగారికి ఈ మంచినీళ్ల సేవాసంస్థ అంటే ప్రాణం. సెలవు పెట్టి, కుటుంబంతో సహా వెళ్లి మట్టి తవ్వే ఉద్యోగులంటే వల్లమాలిన అభిమానం. పైగా వారం చివర్లో ఆయనే స్వయంగా వచ్చి కొత్త కుళాయి విప్పుతారట. ఆ క్షణంలో ఆయన పక్కనే, చెమటలు కక్కుతూ, వినయంగా నిలబడితే చాలు, కుర్చీ తనంతట తనే నడిచొస్తుందని ముందుచూపు ధీమా.

రేకుల కప్పు వేసిన అతిథిగృహంలో, కాళ్లు అసమానంగా ఉన్న బల్ల చుట్టూ కూర్చుని అందరూ టీ తాగుతున్నారు. భార్య ఆయన చొక్కా వైపు చూసి పెదవి విరిచింది.

"ఏమండీ, ఈ చొక్కా మీద మట్టేదీ?"

"ఇంకా తవ్వలేదుగా!"

"తవ్వాక ఫొటోకి నిలబడే ఓపిక మీకుంటుందా? ఇటు రండి." బయటి నుంచి గుప్పెడు తడిమట్టి తెచ్చి, భుజం మీద కాస్త, జేబు మీద కాస్త, చూడముచ్చటగా పులిమింది.

అత్తగారు తల తుడుచుకుంటూ వచ్చారు. "అల్లుడు గారూ, నాకో అనుమానం. ఈ ఊళ్లో నీళ్లు లేవన్నారు. మరి నేనిప్పుడు తలంటుకున్న నీళ్లేంటి?"

"అవి అతిథుల నీళ్లు, అత్తయ్యగారూ. పాపం, మనకోసం ఎక్కడినుంచో మోసుకొచ్చి పోసుంటారు."

"కుళాయిలోంచి వచ్చాయే!"

"కుళాయిలోనే పోసుంటారు," అన్నాడు ముందుచూపు. సేవ చేయడానికి వచ్చినవాడు అన్ని ప్రశ్నలకూ జవాబులు వెతుక్కుంటూ కూర్చుంటే పని జరగదు.

నిజానికి ఆ ఊళ్లో నీళ్లకు లోటులేదు. పైన కొండమీద ఊట ఉంది, దాని కింద తొట్టి ఉంది, తొట్టినుంచి ఇంటింటికీ గొట్టం ఉంది. సంస్థ ఏనాడో వేయించిందే. పని బాగా జరిగిపోయింది, అక్కడే చిక్కొచ్చింది. సేవ చేస్తామని వచ్చే కుటుంబాలు మాత్రం ఆగలేదు. వాళ్లకు పని చూపించకపోతే సంస్థకు చందాలు ఆగిపోతాయి, చందాలు ఆగితే ఊరికి మరమ్మతు సామాను ఆగిపోతుంది. అందుకని బడి వెనక ఒక ఖాళీ జాగాలో తాడు కట్టి ఉంచారు. వచ్చిన ప్రతి కుటుంబమూ ఆ తాడు వెంట కాలువ తవ్వుతుంది, కళ్లనీళ్లు పెట్టుకుంటుంది, వెళ్లిపోతుంది. తర్వాత ఊరివాళ్లు దాన్ని పూడ్చి, మళ్లీ తాడు కడతారు. ఈ ఏర్పాటు చూసుకునే సమన్వయకర్తకు రెండు భాషలూ వచ్చు. ఊరివాళ్లు ఏమన్నా సరే, దాన్ని కృతజ్ఞతగా మార్చి అతిథులకు చెప్పడమే ఆయన ఉద్యోగం.

ఆ ఉదయం గొడవంతా వెలుతురు దగ్గర మొదలైంది. తాడు కట్టినచోట భర్త మొహం మీద బడి గోడ నీడ పడుతోందని భార్య గమనించింది. మనిషే నల్లటివాడు, పైగా నీడ. ఇక ఫొటోలో పళ్లు తప్ప ఏమీ కనబడవు. ఆవిడ ఎవరినీ అడగలేదు. మేకులు రెండూ పీకి, ఎండ బాగా పడే వైపు పాతి, తాడు మళ్లీ బిగించింది. ముందుచూపు వచ్చి, తాడు ఎక్కడుంటే అక్కడే తవ్వాలన్న క్రమశిక్షణతో గడ్డపార ఎత్తాడు.

తవ్వగా తవ్వగా గడ్డపార దేనికో తగిలి ఖంగుమంది.

"రాయి నాన్నా, వదిలెయ్," అంది కూతురు, సెల్ఫోనులో వీడియో తీస్తూ.

"రాయికి భయపడేవాడు ప్రాంతీయ మేనేజరు కాలేడమ్మా!" అంటూ ముందుచూపు ఒంట్లోని బలమంతా కూడగట్టి ఇంకో పోటు పొడిచాడు.

నేలలోంచి నీళ్లు ఎగజిమ్మాయి. తాటిచెట్టంత ఎత్తున లేచి ఆయన నెత్తిన పడ్డాయి. భార్య కెవ్వున అరిచింది.

"నీళ్లు పడ్డాయండీ! మీ చేతుల మీదుగా నీళ్లు పడ్డాయి!"

ముందుచూపు ఆనందంతో ఉక్కిరిబిక్కిరయ్యాడు. నోట్లో సగం నీళ్లే కాబట్టి ఉక్కిరిబిక్కిరవడం సులువైంది. కూతురు వీడియోను లోకానికంతా పంపేసింది. అందులో నాన్న వీపూ, అమ్మ కేకలూ, ఆకాశానికి ఎగిసిన నీళ్లూ కనబడ్డాయి. ఊరివాళ్లు బిందెలు, బకెట్లు, చేతికి దొరికిన గిన్నెలు పట్టుకుని పరుగెత్తుకొచ్చారు. వాళ్ల ముందు నీటి కమిటీ పెద్దావిడ, చీపురుపుల్లలాంటి మనిషి, చేతులు ఊపుతూ ఒంటికాలి మీద లేచింది.

"ఏమంటోందండీ?" అని ముందుచూపు తడిసిన కళ్లతో అడిగాడు.

సమన్వయకర్త నీళ్లు నమిలాడు. "చాలా... చాలా సంతోషంగా ఉందంటోంది సార్."

"మరి చెప్పు తీసిందేంటి?"

"ఇక్కడ సంతోషం పట్టలేకపోతే అలాగే తీస్తారు సార్."

ముందుచూపు చేతులు జోడించి, పెద్దావిడ ముందు వంగి నమస్కారం పెట్టాడు. ఆవిడ చెప్పు విసిరింది. ఆయన దాన్ని భక్తిగా ఏరి తిరిగిచ్చాడు.

నీళ్ల ఉరవడి తగ్గి, చుక్కలై, ఆగిపోయేసరికి డైరెక్టరుగారి ఫోను వచ్చింది. "శభాష్! తవ్వగానే నీళ్లా! ఇంత జరిగాక నేను వారం చివరిదాకా ఆగలేను. రేపు పొద్దున్నే వస్తున్నా. కుళాయి సిద్ధంగా ఉంచు!" ముందుచూపు ఫోను చెవిదగ్గరే పెట్టుకుని చాలాసేపు నవ్వుతూ నిలబడ్డాడు. అప్పుడే అతిథిగృహంలోంచి అత్తగారి కేక వినబడింది.

"ఎవరర్రా అక్కడ! మధ్యాహ్నం స్నానానికి దిగాను, ఒళ్లంతా సబ్బు, కుళాయిలో చుక్క లేదు!"

ఆ కేకతో సమన్వయకర్త కూడా చేతులెత్తేశాడు. పెద్దావిడ ఆయన చొక్కా మెడ పట్టుకుని వదలకుండా నిలబడితే, ఉద్యోగంలో చేరాక మొదటిసారి ఉన్నదున్నట్టు చెప్పాడు. పగిలింది ఊరి గొట్టం. కొండమీది తొట్టి ఖాళీ. అతికించే జోడింపు ముక్క పట్నం నుంచి ఎల్లుండికి గాని రాదు. అప్పటిదాకా ఊరంతటికీ నీళ్లు లేవు. వీళ్లు రాకముందు ఉండేవి.

"రేపు డైరెక్టరుగారొస్తున్నారు," అన్నాడు ముందుచూపు, ఊరికి పట్టిన కరువుకన్నా అదే పెద్ద విషయమన్నట్టు.

"అంతా నీ వల్లే," అని భార్యవైపు తిరిగాడు.

"నావల్లా? గొట్టాన్ని పొడిచింది నేనా?"

"తాడు జరిపింది నువ్వు!"

"మీ మొహం కాస్త కనబడాలనేగా! కట్టుకున్నందుకు అనుభవిస్తున్నాను."

పెద్దావిడ ఈ తగాదా మొత్తం ఓపిగ్గా చూసింది. భాష రాకపోయినా మొగుడూపెళ్లాల పోట్లాట ఆవిడకు కొత్తేం కాదు. చివరికి ఆవిడ తీర్పు చెప్పింది, సమన్వయకర్త మార్చకుండా వినిపించాడు. గొట్టం బాగయ్యేదాకా కొండ కింది వాగునుంచి ఇంటింటికీ నీళ్లు మోయాల్సింది ఈ నలుగురే. ఊళ్లో ఒక్క ఆడదీ బిందె ముట్టదు. ఆ పెద్ద దొరగారి కుళాయి సంగతంటారా, బడి గోడ వెనక ఒక పీపా పెట్టి, దానికి కుళాయి తగిలించుకోవచ్చు. అయితే ముందు ఇళ్లకు, తర్వాతే పీపాకు. డైరెక్టరుకు కోపమొచ్చి మరమ్మతు సామాను ఆగిపోకూడదని ఆవిడ ఈ మాత్రం దయ చూపింది.

తెల్లారేసరికి మోత మొదలైంది. వాగు లోపలికి దిగితే కాళ్లు జారుతున్నాయి, ఎక్కితే ఊపిరి జారుతోంది. ఎండకు మాడిపోతారని పెద్దావిడ నలుగురికీ తలగుడ్డలు చుట్టించింది. మోకాళ్లదాకా బురద, మొహాలనిండా అదే బురద, ఎవరెవరో పోల్చుకోవడమే కష్టంగా ఉంది. భార్య నిన్న పులిమిన మట్టి మీద ఈరోజు నిజమైన మట్టి పడి, ఏది ఏదో తేలకుండా పోయింది. ముందుచూపుకు తల ప్రాణం తోకకొచ్చింది. అయినా తన పథకం వదల్లేదు. ఇళ్ల పని అయ్యాక పీపా నింపేసి, పెరట్లో మొహం కడుక్కుని, ఉతికిన చొక్కా వేసుకుని డైరెక్టరు పక్కకు చేరాలి.

డైరెక్టరు చెప్పినదానికంటే ముందే వచ్చారు, వెంట ఫొటోగ్రాఫరుతో. కుళాయి తిప్పారు. నీళ్లు వచ్చాయి. చప్పట్లు మోగాయి. ఆయన కళ్లు చెమ్మగిల్లాయి. అంతవరకు బాగానే ఉంది. కానీ ఆయన కుళాయి కట్టేయలేదు. కళ్లముందు నీళ్లు పారుతుంటేనే మాట బాగా వస్తుందని, దాన్ని అలాగే వదిలి ఉపన్యాసం మొదలుపెట్టారు.

గోడ వెనక పీపాలో మట్టం దిగిపోతోంది.

"పొయ్యండి, పొయ్యండి," అని ముందుచూపు గుసగుసగా ఆజ్ఞాపించాడు, ఉతికిన చొక్కా చేతిలో పట్టుకుని.

"నావల్ల కాదండీ," అని భార్య బకెట్టు పక్కన కూలబడింది. "నా నడుము ఇక్కడే వదిలేసి వెళ్తాను, కావాలంటే దానితో మోయించుకోండి."

అత్తగారు అప్పటికే కళ్లు తేలేశారు. కూతురు ఏడుస్తూ మోస్తోంది. చొక్కా పక్కన పడేసి, ముందుచూపే బిందె ఎత్తుకుని వాగుకు పరుగెత్తాడు. అవతల డైరెక్టరు "ఎక్కడ మన వీరుడు?" అని అడగడం వినబడింది. "సేవలో ఉన్నారు సార్," అన్నాడు సమన్వయకర్త. ఆ ఒక్కమాటా నిజమే.

మూడోసారి బిందెతో వచ్చేసరికి గోడ వెనక డైరెక్టరు నిలబడి ఉన్నారు. అసలైన పల్లె జీవితం కావాలని ఫొటోగ్రాఫరు అటు లాక్కొచ్చాడు. సమన్వయకర్త పీపాకు అడ్డంగా నిలబడ్డాడు. ముందుచూపు నోరు విప్పితే తనెవరో తెలుస్తుంది, తనెవరో తెలిస్తే పీపా సంగతి తెలుస్తుంది, పీపా తెలిస్తే గొట్టం. నోరు విప్పకపోతే కుర్చీ పోతుంది. బిందె భుజాన పెట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఎప్పుడూ ఫైలు అంచు మీదుగా చూసిన మొహాన్ని, తలగుడ్డ కింద, బురద వెనక డైరెక్టరు గుర్తుపట్టలేదు. జాలిగా భుజం తట్టి, సమన్వయకర్తతో అన్నారు:

"ఇతనికి చెప్పండి. ధైర్యంగా ఉండమనండి. త్వరలో వీళ్లింటికి కూడా నీళ్లొస్తాయి."

సమన్వయకర్త ఆ మాటను ఊరి భాషలోకి మార్చి చెప్పాడు. ఒక్క ముక్క అర్థం కాకపోయినా ముందుచూపు కృతజ్ఞతగా తల ఊపాడు. ఫొటోగ్రాఫరు నలుగుర్నీ వరసగా నిలబెట్టి ఫొటో తీశాడు. భార్య మొహం మీద వెలుతురు చక్కగా పడింది.

డైరెక్టరు బండి కదిలిన మర్నాడే గొట్టం అతికింది. ఊరికి నీళ్లు వచ్చాయి.

తిరిగొచ్చాక డైరెక్టరు ముందుచూపును పిలిపించారు. "వీడియోలో గొప్పలు సరే. కుళాయి విప్పిన రోజు నువ్వు ఊళ్లోనే కనబడలేదే! కష్టపడాల్సిన చోట మాయమయ్యేవాడికి కుర్చీ ఎలా ఇస్తాననుకున్నావ్?" అక్కడే ఉన్నానంటే పీపా సంగతీ చెప్పాలి గనక, ముందుచూపు తల వంచుకుని బయటికొచ్చాడు. కుర్చీ పక్క గదివాడికి వెళ్లింది, వాడు జన్మలో పార పట్టినవాడు కాదు. ఆ బాధ ఆయన్ని నిజంగానే తినేసింది. ఇంట్లో భార్య ఒక్కమాట ఎత్తిపొడిస్తే ఏడ్చేసేవాడే, ఆవిడ ఎత్తిపొడవలేదు, అది ఇంకా బాధ.

ఆ నెలలోనే ఆఫీసు గుమ్మంలో ఒక పెద్ద పోస్టరు వెలిసింది. బురదలో నిలబడ్డ నలుగురు మనుషులు, చేతుల్లో బిందెలు, కళ్లనిండా నిస్సహాయత. కింద పెద్ద అక్షరాల్లో: "వీళ్లు ఇంకా నీళ్లు మోస్తూనే ఉన్నారు. మీ చేయి అందించండి." దాని ముందు చందా డబ్బా. ఆ నలుగురూ ఎవరో ఎవరూ గుర్తుపట్టలేదు. చూసినవాళ్లంతా అయ్యోపాపం అంటూ వేస్తున్నారు. ముందుచూపు కూడా తప్పించుకోలేక జేబులో చేయిపెట్టి వేశాడు.

"ఆ పేద కుటుంబం తరఫున ధన్యవాదాలండీ," అంది రిసెప్షనులో అమ్మాయి.

"పరవాలేదమ్మా," అన్నాడు ముందుచూపు, ఆ కుటుంబం తరఫునే.