ముత్తమ్మ మొగుడి కొండ రికార్డు

ఆ ఆదివారం పొద్దున తుకారాం పెట్టుకున్న పని ఒక్కటే. బొంబిల్ చేపల కూరతో ఇంత అన్నం తిని, సాయంత్రం దాకా కాళ్లు చాపి పడుకోవడం. సున్నాలు వేసే మేస్త్రీగా బొంబాయిలో సగం గోడలు చూసిన మనిషికి, అరవైకి దగ్గర పడ్డాక ఆ మాత్రం నిద్ర హక్కేనని ఆయన నమ్మకం.

దాన్ని చెడగొట్టింది కింది గది శివరాం. మిల్లు సమ్మెలో పని పోయాక కామాటిపుర వ్యాయామశాలలో కండలు పెంచుకుంటున్న కుర్రాడు. కర్జత్ అవతలి అమ్మవారి కొండను గంటలో ఎక్కి రికార్డు కొట్టానని, వాళ్లంతా ఉండే గదుల వరుస చాల్ వరండాలో అందరికీ చెబుతున్నాడు.

తుకారాం నోరు ఊరుకోలేదు. "గంటనా? మా కాలంల నేను ముప్పావు గంటల ఎక్కిన. ఈ పోరగాళ్లకు కండలున్నయి గని దమ్ము లేదు."

ఆయన కొండ మీదికి వెళ్లిన మాట నిజమే, గుడికి సున్నం వేయడానికి. ఎలా వెళ్లావని ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

అది ఆయన భార్య ముత్తమ్మ విన్నది. ఇన్నేళ్ల కాపురంలో మొగుడి గురించి గొప్పగా చెప్పుకోవడానికి ఆమెకు మొదటిసారి ఒక సంగతి దొరికింది. నల్లా దగ్గర బిందె పెట్టి, "మా ఇంటాయన గా కొండ ముప్పావు గంటల ఎక్కిండంట" అంది. వరుస చివరికి చేరేసరికి 'ఎక్కిండంట' కాస్తా 'ఎక్కుతడంట' అయింది. పై అంతస్తుకు చేరేసరికి 'వచ్చే ఆదివారం ఎక్కుతడంట' అయింది.

సాయంత్రానికల్లా చాల్ మండలి అధ్యక్షుడు గంగారాం దిగాడు. "తుకారామన్నా, నీకూ పడుచోళ్లకూ పోటీ పెడుతున్న. వయసు గెలుస్తదా, అనుభవం గెలుస్తదా, బరాబర్ తేలాలె."

"పోరగాళ్లతోని నాకేం పోటీ, గంగారాం?" అని తప్పించుకోబోయాడు తుకారాం.

"విన్నవా శివరాం! నువ్వు ఆయనకు లెక్కనే కాదంట!" గంగారాం కేక ఫాక్‌లాండ్ రోడ్డు దాకా వినిపించింది.

మోకాళ్ల నొప్పులన్నాడు తుకారాం. చాటుగా సాధన చేస్తున్నాడు కాబోలు అనుకున్నారు జనం. పక్కగదుల ఆడవాళ్లు గుడ్లు, నువ్వుల నూనె తెచ్చిచ్చారు. నిజం చెప్పేద్దామని రెండుసార్లు నోరు తెరిచాడు. కానీ నీళ్లు మోసే ముత్తమ్మ నడక మారిపోయింది. బిందె కింద ఆమె మెడ ఎన్నడూ లేనంత నిటారుగా ఉంది. ఆ మెడ చూసి, రెండుసార్లూ తెరిచిన నోట్లో గుడ్డు పెట్టుకున్నాడు.

తర్వాతి ఆదివారం చాల్ జనమంతా కొండ కింద దిగారు. గంగారాం ముందే పైకి పోయి గుడి దగ్గర కూర్చున్నాడు. ముత్తమ్మ మొగుడికి బొట్టు పెట్టి, "పోరగాళ్ల పరువు గూడ కొద్దిగ మిగలనియ్యి" అంది.

ఈల మోగింది. శివరాం, అతని దోస్తు సైదులు, ఇంకో ఇద్దరు బాణాల్లా చెట్ల మధ్యకు దూసుకుపోయారు. తుకారాం మొదటి మలుపు దాకా హుందాగా నడిచి, వెనక్కి చూసి, పొదల్లోంచి కొండ వెనక్కి జారుకున్నాడు. అక్కడి మట్టిరోడ్డు మీద, గుడి పనికి ఇసుక మోసే టెంపో ఆగి ఉంది. డ్రైవర్ బుచ్చయ్య పాలమూరు మనిషి.

"తమ్మీ, జర గుడి దాకా తీస్కపో."

"ఎక్కు పెద్దాయనా. ఎనక కొద్దిగ జాగ ఉన్నది. లోపలోళ్లను జరగమను."

తుకారాం టార్పాలిన్ ఎత్తాడు. ఇసుక మీద వరుసగా శివరాం, సైదులు, ఆ ఇద్దరూ.

"కాకా, నువ్వా?" అన్నాడు శివరాం.

"నేనే. పోయినసారి గూడ ఇదే టెంపోనా?"

శివరాం తల వంచుకున్నాడు. "మరి నువ్వు?"

"మా కాలంల టెంపోలు యాడియిరా? ఎడ్లబండి."

"ఎడ్లబండి ముప్పావు గంటల ఎక్కిందా?"

"పండుకున్న. ఎంతసేపయిందో నాకేం ఎరుక?"

సగం దూరంలో ఇంజన్ మొరాయించి టెంపో ఆగిపోయింది. నడిచి పోదామన్నాడు సైదులు. "నా ఇసుక పైకి చేరకుంటే, కిందికి పోయి అందరికీ చెప్తా" అన్నాడు బుచ్చయ్య.

కుర్రాళ్లు ఒక్క ఊపున తోసి, నాలుగు గజాలకే నాలుకలు వెళ్లబెట్టారు. టెంపో వెనక్కి జారబోయింది. తుకారాం గబుక్కున చక్రం కింద రాయి వేశాడు. "దమ్మంత ఒక్కసారే ఊదేస్తే ఎట్లరా? తొయ్యుర్రి, ఆగుర్రి, రాయి పెట్టుర్రి. ఊపిరి తీసుకోని మళ్ల తొయ్యుర్రి."

అలాగే తోశారు. మామూలు దారిన నడిచి ఉంటే ఈపాటికి పైకెక్కి ప్రసాదం కూడా తినేవాళ్లమని సైదులు దారి పొడుగునా గొణుగుతూనే ఉన్నాడు.

గుడి వెనక టెంపో వదిలి, అయిదుగురూ ఒక్కసారే గంగారాం ముందు వచ్చి పడ్డారు. చొక్కాలు పిండితే నీళ్లు కారేలా ఉన్నాయి.

గంగారాం నోరెళ్లబెట్టాడు. "అందరు ఒక్కసారే ఎట్ల వచ్చిన్రు?"

"తోసుకుంట వచ్చినం" అన్నాడు తుకారాం.

గంగారాం కళ్లు చెమర్చాయి. గుడి మైకు అందుకుని, కింద ముత్తమ్మకు వినబడేలా ప్రకటించాడు: "కొండకు వయసుతోని పనిలేదు! కుర్రోళ్ల బలం, పెద్దోళ్ల అనుభవం కలిస్తే ఎంత బరువైనా పైకి చేరుతది!"

ఎంత వెతికినా అందులో ఒక్క అబద్ధం దొరకదు.