భోజనం చేసిన చోటే సరిహద్దు

బుధవారం ఉదయం సెనోబియో కుతీపా వేసుకున్న పథకం చాలా చిన్నది. కొండెక్కాలి, ఒక రాయి పాతాలి, దిగి ఇంటికొచ్చి వేడిగా మొక్కజొన్న జావ తాగాలి. చిల్కామాయు మునిసిపాలిటీలో పటాల గుమాస్తాగా పద్నాలుగేళ్ళు నలిగినవాడు కాబట్టి, అంతకంటే పెద్ద పథకాలు వేసుకుంటే ఏమవుతుందో అతనికి తెలుసు. ఊళ్ళ గీతలు గీసేవాడికి తలగీత మాత్రం ఇంకెవరో గీస్తారు.

చిల్కామాయుకు నాలుగు మండలాలు, ముప్పయ్యొక్క సముదాయాలు, అరవై రెండు తగాదాలు. అక్కడ ఏ సముదాయమూ ఒక్కటిగా ఉండదు మరి, ఎగువ సగం, దిగువ సగం అని రెండుగా ఉంటుంది. కాచి సముదాయాన్నే తీసుకోండి, ఎగువ కాచి వాళ్ళకు లామాల మందలు, బంగాళాదుంపలు. దిగువ కాచి వాళ్ళకు మొక్కజొన్న, మిరప. ఒకరి పంట లేనిదే ఇంకొకరికి పూట గడవదు గనక పెళ్ళిళ్ళూ కలిసే చేసుకుంటారు, పోట్లాటలూ కలిసే పెట్టుకుంటారు. ఎగువకు తెగువ ఎక్కువ, దిగువకు బిగువు ఎక్కువ. సెనోబియో పుట్టింది దిగువన, చేసుకున్నది ఎగువ పిల్లని. కనక బిగువూ తెగువా అతని ఇంట్లోనే రోజూ సమావేశమయ్యేవి.

ఈ రెండు కాచిల మధ్య ఒక కొత్త ఇల్లుంది. ఆరోగ్య కేంద్రం కోసమని రెండు వైపులవాళ్ళూ కలిసి మట్టి ఇటుకలు పోసి కట్టారు. గోడలు లేపేటప్పుడు ఇది ఎవరి నేల అని ఎవరూ అడగలేదు. కప్పు వేశాక అడిగారు. ఆనాటి నుంచి దాని తలుపుకు రెండు తాళాలు, పైన ఎగువవాళ్ళది, కింద దిగువవాళ్ళది. ఏడాదిగా అందులో వైద్యం జరిగింది ఎలకలకు మాత్రమే. ఇప్పుడు నగరం నుంచి ఉత్తరం వచ్చింది. ఆ ఇల్లు ఎవరి హద్దులో ఉందో తేల్చి, రెండు సముదాయాల పెద్దల సంతకాలతో శనివారానికల్లా కాగితం పంపకపోతే నర్సును పక్క లోయకు ఇచ్చేస్తామని దాని సారాంశం.

సెనోబియో భార్య నెమేసియాకు ఎనిమిదో నెల. మొదటి బిడ్డను ఐదు గంటల దూరంలో ఉన్న ఆసుపత్రికి పోతూ పోతూ, లారీలో, దుంపల బస్తాల మీద కన్నది.

"నీ పటాల సంగతి నాకు తెలియదయ్యా. ఈసారి బస్తాల మీద కననని మాత్రం రాసిపెట్టుకో," అంది, దారిలో తినడానికి ఉడకబెట్టిన దుంపలూ జున్నుముక్కా మూటగట్టి ఇస్తూ.

తాతలనాటి దస్తావేజు ప్రకారం సరిహద్దు వైరా కనుమ మీది రాళ్ళగుట్ట దగ్గర మొదలై, కింద రెండు ఏర్లు కలిసే చోటిదాకా తిన్నగా దిగుతుంది. ఆ గుట్ట పోయిన వానల్లో కొండచరియతో పాటు కొట్టుకుపోయింది. అది ఉన్న చోటు కొలిచి పట్టుకుని, తెల్లరంగు వేసిన రాయి పాతడం సెనోబియో పని. శుక్రవారం నాడు ఇద్దరు పెద్దలూ జనంతో, మేళంతో హద్దు నడుస్తారు. ప్రతి గుర్తు దగ్గరా ఆగి, భూమితల్లికి ఇంత చిచ్చా, అంటే మొక్కజొన్న కల్లు, పోసి, మిగిలింది తాము తాగి, ఒకరినొకరు కౌగిలించుకుంటారు. అలా తాగి కౌగిలించుకున్న చోటు హద్దు. ఆ తర్వాత సంతకం.

పదకొండు గంటలకల్లా సెనోబియో కొలత యంత్రంతో చోటు పట్టుకున్నాడు, రాయి పాతాడు. పాతాక కాగితం మీద గీత గీసి చూసుకుంటే గుండె జారి ఏట్లో పడింది. ఆ గీత ప్రకారం ఇల్లు మొత్తం ఎగువ కాచిలో ఉంది, హద్దుకు నలభై అడుగులు లోపల. దిగువవాళ్ళు చస్తే సంతకం పెట్టరు. యంత్రం అబద్ధమాడదు, అందుకే దాన్ని ఎవరూ పంచాయితీకి పిలవరు.

దిగులుతో పాటు ఆకలీ వేసింది. దారి వెంట మూడు వందల అడుగులు పక్కకు దిగి, మలుపు పక్కన కూర్చున్నాడు. గాలి దుంపల తొక్కలతో పాటు దుంపల్నీ ఎత్తుకుపోయేలా ఉంది. చుట్టూ ఉన్న రాళ్ళు తెచ్చి మోకాలెత్తు అడ్డు పేర్చుకున్నాడు. ముద్ద నోట్లో పెట్టబోయే ముందు, ఆ కొండల్లో ఏ మనిషైనా చేసినట్టే, భూమితల్లికి రెండు చుక్కలు చిచ్చా వంచి, మూడు కోకా ఆకులు రాళ్ళ మీద పెట్టి, ఎగిరిపోకుండా వాటి మీద చిన్న రాయి ఉంచాడు. తిన్నాడు, మూతి తుడుచుకున్నాడు, వెళ్ళిపోయాడు. అడ్డు తీసెయ్యాలని మాత్రం తోచలేదు.

ఇంకో దేశంలో అయితే అవి నాలుగు రాళ్ళు. అక్కడ కాదు. కనుమ దారిలో, మంచుకొండకు ఎదురుగా, పైన ఆకులున్న రాళ్ళగుట్ట కనిపిస్తే అది అపాచేతా. దారిన పోయేవాడు తన అలసటను ఒక రాయిగా దాని మీద దించి పోవాలి. సాయంత్రం లామాలను తోలుకొస్తున్న సతుర్నీనా దాన్ని చూసింది, రాయి వేసింది, ఆకు పెట్టింది. తప్పిపోయిన లామా ఒకటి ఆ మలుపులోనే ఎదురైంది. లామా కూడా గాలి తగలని చోటు చూసుకుని నిలబడిందని అనుకునేంత అవిశ్వాసి కాదు సతుర్నీనా.

గురువారం సంతకు పోయే లారీ అక్కడ ఆగింది. ముప్పైమంది దిగారు, ముప్పై రాళ్ళు ఎక్కాయి. తిరుగు ప్రయాణంలో సతుర్నీనా లామా సంగతి తెలిసింది గనక ఒక్కొక్కరు రెండేసి వేశారు. ఒకామెకు పంటినొప్పి తగ్గింది. సంతలో చుట్టలు కాలుస్తున్న ముసలాళ్ళంతా ఒకటే మాట, కొట్టుకుపోయిన గుట్ట రాత్రికి రాత్రి తనంతట తాను లేచిందని.

సెనోబియో ఆ మాట విని మొదట మురిసిపోయాడు. తర్వాత ఎక్కడ అని అడిగాడు. మలుపు పక్కన, గాలి తగలని చోట, అన్నారు. నిన్న తిన్న దుంపలు కడుపులో ఇవాళ రాళ్ళయ్యాయి.

పరుగున కొండెక్కి చూస్తే గుట్ట నడుమెత్తు పెరిగింది. దాని ముందు నలుగురు మోకరిల్లి ఉన్నారు. పడగొట్టేద్దామని ఒక రాయి చేతిలోకి తీసుకున్నాడో లేదో, పక్కనున్న ముసలావిడ అతను కూడా మొక్కు రాయి తెచ్చాడనుకుని, చల్లగా ఉండమని దీవించింది. దీవించిన చేతుల ముందు రాయిని వెనక్కి తీసుకునే దమ్ము లేక గుట్ట మీదే పెట్టాడు. చివరికి గుమాస్తాకు తెలిసిన ఏకైక ఆయుధం బయటికి తీశాడు. ఇది సరిహద్దు గుర్తు కాదు అని ఒక నోటీసు రాసి, మునిసిపాలిటీ ముద్ర గుద్ది, గుట్టకు తగిలించి దిగాడు. సాయంత్రం వాన కురిసింది. రాత అంతా కరిగిపోయింది. ముద్ర ఊదారంగులో నిక్షేపంగా మిగిలింది.

శుక్రవారం రెండు ఏర్లు కలిసే చోటి నుంచి హద్దు నడక బయలుదేరింది. ముందు పిల్లనగ్రోవులు, డోళ్ళు, వాటి వెనక ఎగువ కాచి పెద్ద ఇలారియో తాత, దిగువ కాచి పెద్ద బసీలియా అమ్మ, చేతుల్లో వెండి పొన్ను కర్రలు, వాళ్ళ వెనక రెండు ఊళ్ళు. అందరి వెనకా సెనోబియో. కిందనుంచి పైకి వస్తున్నారు కదా, ముందు తగిలింది గుట్ట. అప్పటికి అది నిలువెత్తు. చుట్టూ ఆకులు, పూలు, నెత్తిన సర్కారు ముద్ర.

ఇలారియో తాత టోపీ తీశాడు. బసీలియా అమ్మ చిచ్చా పోసింది. భూమి తాగింది, వాళ్ళు తాగారు. సెనోబియో జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చేసరికి ఇద్దరూ కౌగిట్లో ఉన్నారు.

"తాతా, ఇది కాదు. అసలు చోటు ఇంకా పైన ఉంది, తెల్ల రాయి పెట్టాను," అన్నాడు.

"నీ ముద్ర ఇక్కడుందేం నాయనా?" అన్నాడు ఇలారియో తాత.

"ఇక్కడ నేను భోజనం చేశానంతే."

"చేస్తే ఏం? ఎవరైనా ఎక్కడో ఒకచోట తినాల్సిందే," అంది బసీలియా అమ్మ. "నువ్వు తిన్నావు, భూమితల్లి తాగింది. ఆవిడ తాగింది నువ్వు కక్కించగలవా?"

జనం నవ్వారు. అపాచేతా రాయి కదిపితే కదిపినవాడి ఇంట్లో ఏం కదులుతుందో అందరికీ తెలుసు. ఇంట్లో ఎనిమిదో నెల భార్య ఉన్నవాడికి ఇంకా బాగా తెలుసు. సెనోబియో పక్కకు తప్పుకున్నాడు. పెద్దలిద్దరూ గుట్టకే కాగితం ఆనించి సంతకాలు పెట్టారు. దిగుతూ దిగుతూ అతను కొత్త గీత గీసి చూశాడు. అది ఇంటి నడినెత్తి మీదుగా పోతోంది. తలుపు ఎడమరెక్క ఎగువ కాచి, కుడిరెక్క దిగువ కాచి.

శనివారం ఉదయం ఆ కాగితంతో పాటు తన రాజీనామా కూడా తీసుకెళ్ళి మేయరు దోన్యా ఎలుతేరియా ముందు పెట్టి, దుంపలతో మొదలుపెట్టి జరిగిందంతా ఒప్పేసుకున్నాడు. ఆవిడ కళ్ళద్దాలు సర్దుకుని సంతకాల కాగితాన్ని చాలాసేపు చూసింది.

"ఈ ఆఫీసులో పదకొండేళ్ళుగా ఉన్నాను. ఈ ఇద్దరి సంతకాలూ ఒకే కాగితం మీద చూడటం ఇవాళే," అంది. "ఇద్దరూ ఒప్పుకుని పెట్టుకున్న హద్దు చట్టానికి చాలు. నీ కొలతలు ఇన్నాళ్ళూ చెయ్యలేనిది నీ కడుపు ఒక్కపూటలో చేసింది సెనోబియో. పో, బస్సు వెళ్ళిపోతుంది, పంపించు."

రాజీనామా వెనకవైపు ఖాళీగా ఉందని, దాని మీద నగరానికి పంపే ఉత్తరం చిత్తు రాసుకుంది.

ఆదివారం తాళాలు తీశారు. ఇల్లు తమ గడ్డ మీద ఉందని ఎగువవాళ్ళూ, కాదు తమ గడ్డ మీదని దిగువవాళ్ళూ చెప్పుకున్నారు, చిత్రంగా ఇద్దరూ నిజమే చెప్పారు. గోడలకు సున్నం ఎగువవాళ్ళు వేశారు, కిటికీలకు అద్దాలు దిగువవాళ్ళు బిగించారు. సెనోబియోకు మాత్రం మనసొప్పలేదు. ఇలారియో తాతను గోడవారకు తీసుకెళ్ళి, మీకు దక్కాల్సిన నేల నా వల్ల పోయిందని చెప్పాడు.

తాత ఆకు నములుతూ విన్నాడు. "ముప్పైసార్లు నడిచానురా ఆ హద్దు. గుట్ట ఎక్కడుండేదో నాకు తెలియదనుకున్నావా?"

"మరి అక్కడే చెప్పొచ్చు కదా తాతా."

"చెబితే ఇల్లు మాదవుతుంది. దిగువవాళ్ళు సంతకం పెట్టరు, నర్సు రాదు. నా అంతట నేను సగం వదులుకుంటే మావాళ్ళు నన్ను మొత్తం వదులుకుంటారు. ఏడాదిగా ఈ పంతం మీంచి ఎలా దిగాలా అని చూస్తున్నాను. దారిలో నీ గుట్ట దొరికింది. దణ్ణం పెట్టానంటే ఊరికే పెట్టానా?"

"బసీలియా అమ్మకు తెలియదు కదా?"

"తెలియకేం. కౌగిలించుకున్నప్పుడు నవ్వు ఆపుకోలేక నా భుజం కొరికింది."

సెనోబియో గోడకు ఆనుకున్నాడు. పద్నాలుగేళ్ళుగా ఈ జనం గీతల కోసం కొట్టుకుంటారనే అనుకున్నాడు. గీత దాటే వీలు దొరికితే ఎంత నేర్పుగా దాటతారో ఇప్పుడు తెలిసింది. తాత చెయ్యి పట్టుకున్నాడు. తాత అతని దోసిట్లో గుప్పెడు కోకా ఆకులు పోసి, వెళ్ళి సున్నం కలపమన్నాడు.

మంగళవారం నర్సు ఫాబియోలా వచ్చింది. పెట్టెడు మందులు, తెల్లదుప్పటి పరిచిన ఇనప మంచం వెంట వచ్చాయి. మూడు వారాలకు నెమేసియా ఆ మంచం మీద ఆడపిల్లను కన్నది. లారీ లేదు, బస్తా లేదు. కాన్పు తేలికగా కాలేదు, రక్తం ఆగలేదు. నర్సు పక్కనే ఉండి సూదిమందు వేసింది గనక ఆగింది. ఐదు గంటల దారిలో అయితే ఏమయ్యేదో ఎవరూ పైకి అనలేదు. నెమేసియా తల్లి ఎగువ నుంచి, సెనోబియో తల్లి దిగువ నుంచి వచ్చి, ఒకరి కన్నీళ్ళు ఒకరు కొంగులతో తుడుచుకున్నారు. సెనోబియో నర్సుకు దండం పెట్టాడు, ఇలారియో తాతకు పెట్టాడు, బసీలియా అమ్మకు పెట్టాడు, ఆ ఊపులో మంచానికీ పెట్టాడు.

మర్నాడు జనన నమోదు పుస్తకం తెరిస్తే, పుట్టిన సముదాయం అని ఒక గడి ఉంది. కొత్త కేంద్రంలో పుట్టిన మొదటి బిడ్డ మాదేనని రెండు ఊళ్ళూ కర్రలతో, టోపీలతో దిగాయి. మళ్ళీ కొలతలు, మళ్ళీ మేళం, మళ్ళీ చిచ్చా. నెమేసియా తల ఎగువ కాచిలో, కాళ్ళు దిగువ కాచిలో ఉన్నాయి గనక పిల్ల పుట్టుక దిగువకు, పేరు పెట్టే హక్కు ఎగువకు అని సాయంత్రానికి ఒప్పందం కుదిరి, ఇద్దరు పెద్దలూ సంతకాలు చేశారు. ఆ మంచానికి చక్రాలున్నాయని మాత్రం నర్సు ఎవరికీ చెప్పలేదు.