పది సూదులిస్తే పన్నెండు

పొగడ్తను మించిన సరుకు ఈ లోకంలో లేదు! గాజువాకలో ఇరవై ఆరేళ్ళుగా సూదులు, దారాలు, గుండీలు, లేసులు అమ్ముతున్నవాణ్ణి. సరుకు సంగతి నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

మీరే చూడండి. పొగడ్తకు గోడౌన్ అక్కర్లేదు. తుఫానొచ్చినా తడవదు. ఎలకలు కొట్టవు. ఎక్స్‌పైరీ డేట్ లేదు, జీఎస్టీ అసలే లేదు. ఇచ్చినవాడి దగ్గర తరగదు, పుచ్చుకున్నవాడు నాణ్యత బాగాలేదని వెనక్కి తీసుకురాడు. ఇలాంటి సరుకు ఇంకొకటి చూపిస్తే రేపే ఈ షట్టరు దించేసి దాని ఏజెన్సీ తీసుకుంటాను.

వెనకటి రోజుల్లో దీనికి కరువుండేది. ఎవరైనా కొత్తగా ఒక పని మొదలుపెడితే నలుగురూ చుట్టూ చేరి ఇక్కడ వంకర, అక్కడ వదులు అని తప్పులు పట్టేవారు. ఎంత అనాగరికం! ఇప్పుడు మనకు వాట్సాప్ గ్రూపులున్నాయి. మా వీధిలో ఒకాయన బాల్కనీ కుండీలో ఒక్క వంకాయ కాయించి ఫొటో పెట్టాడు. అరవై ఎనిమిది చప్పట్లు! అది పుచ్చు వంకాయ. కూర తిన్నవాళ్ళు కూడా ఆ మాట అనలేదు. ఇంకొకావిడ బీచ్ రోడ్డులో పరుగు మొదలుపెట్టి, మొదటి రోజే చెప్పు తెగి ఆటోలో ఇంటికొచ్చింది. ఆటో ఫొటో కింద కూడా ‘కీప్ గోయింగ్’ అని రాశారు. డ్రైవరుకి రాశారేమో తెలియదు.

ఇంకా నమ్మకం కుదరలేదా? అయితే గంగాధరరావు గారి కథ వినండి.

ఆయన పోర్టు స్టోర్సులో ముప్ఫై నాలుగేళ్ళు కీపరుగా చేసి రిటైరయ్యారు. పొద్దున ఇచ్చిన బోల్టు సాయంత్రానికి తిరిగి అరలోకి చేరితే గానీ ఇంటికి వెళ్ళని మనిషి. ఖాళీగా కూర్చుంటే బీపీ పెరుగుతోందని, ఏదైనా హాబీ పెట్టుకోమని డాక్టరు చెప్పాడు. అప్పటికి కూతురు సత్యశ్రీ పురిటికి వచ్చి ఉంది. పుట్టబోయే బిడ్డ బారసాల నాడు తన చేత్తో కుట్టిన బొంత మీద పడుకోవాలని ఆయనకు అనిపించింది. సత్యశ్రీ పసిగుడ్డుగా ఉన్నప్పుడు ఆయన ఎప్పుడూ డ్యూటీలోనే ఉండేవారు. ఊయల తాడు ఒక్కసారైనా పట్టుకున్న గుర్తు లేదు. పైకి హాబీ అన్నారు గానీ లోపలున్నది అదీ.

బొంత అంటే పాతకాలం మాట. ఇప్పుడు క్విల్టు అంటున్నారు. తేడా ఏమిటంటారా? బొంత కుట్టేవాళ్ళకు రెండు రీళ్ళ దారం సరిపోతుంది. క్విల్టు కుట్టేవాళ్ళకు ఇరవై కావాలి. నేను క్విల్టు పక్షం.

దారం కోసం మొదటిసారి నా షాపుకొచ్చిన రెండో వారంలోనే ఆయన్ని ‘ప్యాచ్‌వర్క్ ప్యాషన్’ అనే గ్రూపులో చేర్చింది నేనే. దాని అడ్మిన్ నాగశ్రీ గారు రాజమండ్రి వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డావిడ. ఎదుటివారి పనిని మెచ్చుకోవడమే తప్ప వేలెత్తి చూపకూడదన్నది ఆ గ్రూపు నియమం.

గంగాధరరావు గారి మొదటి ముక్క చతురస్రం కావలసింది. ఐదు మూలలతో వచ్చింది! లెక్కలో లేని వస్తువేదో అరలో కనిపించినట్టు ఆయన కంగారుపడ్డారు. ఐదో మూల ఎక్కణ్ణుంచి వచ్చిందో ఎంత చూసినా తెలియలేదు. ఫొటో పెట్టి, ఇది తప్పేనా అని అడిగారు.

“తప్పు అనే మాటే లేదండీ మన దగ్గర. అది మీ స్టయిలు” అన్నారు నాగశ్రీ గారు.

అంతే, ఆయన ఛాతీ రెండంగుళాలు పెరిగింది. కుట్టు వంకరపోతే భీమిలి అలల్లా ఉందన్నారు. దూది ఒకచోట ఉండకట్టితే యారాడ కొండ కనబడుతోందన్నారు. అతుకు విడిపోయి దూది బయటికొస్తే అరకు మబ్బులన్నారు. టూరిజం శాఖ వారు కూడా మన జిల్లాలను ఇంత చక్కగా ఒకే దుప్పట్లో చూపించలేదు!

ప్రతి ఫొటోకీ నేనొక ఎర్ర హృదయం పెట్టేవాణ్ణి. పెట్టిన మర్నాడు ఆయన ఇంకో రెండు రీళ్ళు తీసుకునేవారు. చెప్పండి, పొగడ్త వల్ల నష్టపోయినవాడు ఎవడైనా ఉన్నాడా?

ఒక్కడు మాత్రం ఈ సంతోషం మీద నీళ్ళు చల్లాడు. గంగాధరరావు గారి బామ్మర్ది సింహాద్రి, ఆటోనగర్‌లో పాత ఇనుము కొని అమ్ముతాడు. ఒకరోజు అక్కను చూడ్డానికి వచ్చి, బొంతను రెండు వేళ్ళతో ఎత్తి అటూ ఇటూ తిప్పాడు.

“ఏటి బావా, ఇది పిల్లకా, లారీకా?”

ఆ తర్వాత సింహాద్రి వస్తున్నాడంటే చాలు, గంగాధరరావు గారు బొంతను బీరువాలో పెట్టి తాళం వేసేవారు. సున్నితమైన కళ గురించి పాతినుము మనిషికి ఏం తెలుస్తుంది?

బిడ్డ రెండు వారాలు ముందే పుట్టేసింది. ఆడపిల్ల. బొంత సగమే అయింది, బారసాల ముంచుకొస్తోంది. ఈ సంగతి గ్రూపులో పెట్టగానే అందరూ కదిలిపోయారు. బారసాల ముందు ఆదివారం తొమ్మిదిమంది ఆడవాళ్ళు ఆయన ఇంటికి వచ్చారు. కొందరు సొంత సూదులు తెచ్చుకున్నారు. సూది తెచ్చుకోనివాళ్ళకు ఆయన నా దగ్గర కొన్న ప్యాకెట్టు విప్పి ఇచ్చారు. హాల్లో బొంత పరిచి చుట్టూ కూర్చున్నారు. ఆయన భార్య తాయారు గారు రెండు విడతలు ఉప్మా, మూడు విడతలు టీ అందించారు. ఒకరి కుట్టును ఒకరు మెచ్చుకుంటూ, మూడు గంటల్లో ముగించి, ఫొటోలు దిగి వెళ్ళిపోయారు.

వాళ్ళు వెళ్ళగానే గంగాధరరావు గారు అలవాటు ప్రకారం సూదులు లెక్కపెట్టుకున్నారు. ప్యాకెట్టులో ఉన్నవి పది. తిరిగొచ్చినవి తొమ్మిది.

మళ్ళీ లెక్కపెట్టారు. తొమ్మిదే. చాపలు దులిపారు, సోఫా తిరగేశారు, చీపురు ఊడదీసి చూశారు. ఇక సూది ఉండగలిగిన చోటు ఒక్కటే మిగిలింది. బొంతను అంగుళం అంగుళం చేత్తో నొక్కారు. అన్ని పొరల మధ్య, ఆ యారాడ కొండ కింద, ఏం తగులుతుంది? పదహారు రోజుల పిల్ల ఒళ్ళు గుర్తొచ్చి ఆయన మళ్ళీ మొదటి నుంచి నొక్కారు. దాన్ని అటక మీద పడేసి కొత్త పరుపు కొందామన్నారు తాయారు గారు. ఆయన ఫోన్ తీసి గ్రూపులో రాశారు. ఒక సూది తగ్గింది, బొంతలో ఉండిపోయిందేమో, పసిపిల్ల పడుకోవాలి, దయచేసి అందరూ మీ మీ సూదులు చూసుకోండి అని.

పది నిమిషాల్లో ముప్ఫై ఒక్క జవాబులు! సూపర్ సార్. ఎంత కమిట్‌మెంట్ సార్. ప్రతి క్విల్టు వెనకా ఒక కథ ఉంటుందని జ్యోతిర్మయి గారు రాశారు. దానికి మళ్ళీ పన్నెండు చప్పట్లు. సూది చూసుకున్నవాళ్ళు ఒక్కరూ లేరు. నేను కూడా హృదయం పెట్టాను. చదివి పెట్టలేదు, అలవాటు మీద పెట్టాను.

మర్నాడు పొద్దున్నే ఆయన బీరువా తాళం తీసి, సింహాద్రికి ఫోన్ చేశారు.

సింహాద్రి పాత స్పీకర్లోంచి తీసిన పెద్ద అయస్కాంతం పట్టుకొచ్చాడు. బొంత మీద ఒక చివర నుంచి మెల్లగా జరుపుకుంటూ పోయాడు. ఒకచోట టక్కుమంది. కుట్టు విప్పితే సూది. గంగాధరరావు గారు దాన్ని తొమ్మిదింటి పక్కన పెట్టి గట్టిగా ఊపిరి పీల్చుకున్నారు. పదీ సరిపోయాయి, ఇక చాలన్నారు.

“నీ లెక్క సరిపోనాది బావా. పిల్లకి లెక్క తెల్దు కదా. మొత్తం సూద్దాం” అన్నాడు సింహాద్రి.

ఇంకో జానెడు జరిగాక టక్కుమంది. ఐదో మూల దగ్గర మళ్ళీ టక్కుమంది. ఇంకా రెండు సూదులు! పొడుగ్గా, బెజ్జం చుట్టూ బంగారు రంగుతో. ఆయన ప్యాకెట్టులోవి కావు.

సరుకు తగ్గితే స్టోర్ కీపరు వెతుక్కుంటాడు. పెరిగితే ఏం చెయ్యాలి? ఆ పెద్దమనిషి పన్నెండూ వరసగా పేర్చి మళ్ళీ లెక్కపెట్టారు.

“పొగిడినోళ్ళు పొగిడేసి సూదులొగ్గేసి ఎల్లిపోనారు బావా” అన్నాడు సింహాద్రి.

“మరి పిల్లని పడుకోబెట్టొచ్చా?”

“ముందు నువ్వు తొంగో. నాలుగ్రోజులు. నీకు గుచ్చుకోపోతే అప్పుడు సూద్దాం.”

గంగాధరరావు గారు నాలుగు రోజులు ఆ బొంత మీదే పడుకున్నారు. చొక్కా విప్పి, దిండు లేకుండా, కొండలూ అలలూ మబ్బులూ అన్నిటి మీదా దొర్లారు. ఏమీ గుచ్చుకోలేదు. శుక్రవారం బారసాలలో మనవరాలిని దాని మీదే పడుకోబెట్టారు. పాటలు పాడినంతసేపూ పిల్ల నిద్రపోయింది. ఊయల తాడు ఆయన ఎవరికీ ఇవ్వలేదు. సింహాద్రి వంగి బొంత అంచు ఒకసారి లాగి చూసి, పర్లేదు బావా అన్నాడు. నాలుగొందల హృదయాలు అందుకున్న మనిషి, ఆ ఒక్క మాటకి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. దుమ్ము పడి ఉంటుంది.

ఆ సాయంత్రం ఆయన మూడు సూదులూ అయస్కాంతానికి అంటించి ఫొటో పెట్టారు. ఎంత అందమైన కంపోజిషన్ అన్నారు అందరూ. ఆ బంగారు సూదులు ఎవరివని ఎవరూ అడగలేదు.

శనివారం పొద్దున ఇద్దరు మేడమ్‌లు మా షాపుకి వచ్చారు. బంగారు బెజ్జం సూది ఎక్కడో పోయిందండీ, ఇంకో ప్యాకెట్టు ఇవ్వండి అన్నారు. ఎక్కడ పోయిందో నాకు తెలుసు. కానీ నేను వ్యాపారిని. మీ చేతుల్లో కళ ఉంది మేడమ్ అన్నాను. ఒక్కొక్కరూ రెండేసి ప్యాకెట్లు తీసుకున్నారు.

కాబట్టి పొగడండి. మొహమాటపడకుండా పొగడండి, పొగిడించుకోండి!

అన్నట్టు, వచ్చే నెల మా అమ్మాయి పురుడు. మా ఇంట్లో కూడా బొంత కుడుతున్నారు. ఆ సంగతి నేను గ్రూపులో పెట్టలేదు. సింహాద్రికి ఫోన్ చేసి, అయస్కాంతం పట్టుకుని ఒకసారి రమ్మన్నాను.