రెండు చెరువుల సగటు

వెంకటరామరాజు గారితో సూర్యకాంతమ్మకు ఒకటే బాధ. ఎక్కడ రెండు కనబడినా పోల్చి, తనదే గొప్పని తేల్చేదాకా ఆయనకు నిద్రపట్టదు. తన తండ్రి తద్దినం గారెలు మామగారి తద్దినం గారెల కంటే మెత్తగా కుదిరాయని పంక్తిలో కూర్చునే ప్రకటించిన మనిషి. ఇప్పుడాయన కన్ను, పుట్టింటివారు ఆవిడకిచ్చిన రొయ్యల చెరువు మీద పడింది. ఇన్నాళ్లూ దాని మేతా, నీళ్లలోకి గాలి కొట్టే ఏరేటర్లూ అన్నీ ఆవిడే చూసుకుంటోంది.

"నా చెరువు రొయ్య బరువే వేరు కాంతం. ఇవాళ తేల్చేద్దాం. నాది ఎక్కువైతే నీ చెరువూ నేనే చూస్తాను," అన్నారు కాఫీ తాగుతూ.

"అలాగే. తక్కువైతే మళ్లీ ఈ మాటెత్తకూడదు," అందావిడ.

రాజమండ్రిలో స్టాటిస్టిక్స్ చదువుతూ సెలవులకొచ్చిన కూతురు ప్రణతి కల్పించుకుంది. "ఓ పెద్ద రొయ్యని ఎత్తి చూపిస్తే కుదరదు నాన్నగారూ. రెండు చెరువుల్లోనూ నాలుగు పక్కలా వల విసరాలి. పడ్డవన్నీ తూచి సగటు తీయాలి. ఒకే చెరువులో కూడా రొయ్యకీ రొయ్యకీ తేడా ఉంటుంది కదా. దాన్ని మించి సగటుల్లో తేడా కనబడితేనే నమ్మాలి."

రాజుగారు సాక్ష్యానికి పక్క చెరువు పల్లంరాజు గారిని పిలిచారు. పిలిచిన మనిషిని భోజనం పెట్టకుండా పంపరు కనుక, "అప్పాయమ్మా, రొయ్యల వేపుడు!" అని వంటమనిషికి కేకేశారు. వలలు పడ్డాయి. రెండు బేసిన్లూ వంటింటి అరుగెక్కాయి. మగవాళ్లిద్దరూ వీధిలో కూర్చుని రేట్లు మాట్లాడుకున్నాక ప్రణతి త్రాసు పెట్టింది.

"అమ్మ బేసిన్‌లో తక్కువున్నాయేంటి?"

"తక్కువుంటే లెక్క కుదరదా?" అంది సూర్యకాంతమ్మ.

"కుదురుతుంది. రెండువైపులా సమానంగా ఉండక్కర్లేదు." లాప్‌టాప్ చూసేసరికి ఆ పిల్ల మొహం వాడిపోయింది. "అమ్మా, నాన్నగారి సగటే ఎక్కువ. ఏదో అలా కుదిరిందనుకునేంత చిన్న తేడా కూడా కాదు."

ఇంక రాజుగారిని ఆపేదెవరు? కాపలా వెంకన్నకు ఫోన్ చేసి అమ్మగారి చెరువులో మేత మార్చమన్నారు. బావమరిదికి ఫోన్ చేసి, "మీ చెల్లెలి చెరువు బాధ్యత కూడా నా నెత్తినే పడిందండీ," అని నిట్టూర్చారు. సూర్యకాంతమ్మ మేత షెడ్డు తాళంచెవి తెచ్చి బల్లమీద పెట్టింది. ఆవిడకు అన్నం సహించలేదు.

భోజనాల దగ్గర రాజుగారు వేపుడులో ఓ రొయ్యని పైకెత్తారు. "చూశారా పల్లంరాజు గారూ! నోట్లో పెట్టగానే చెప్పేస్తాను, ఇది నా చెరువుదని. కాంతం చెరువులో ఇలాంటిది పుడుతుందా?"

"పుట్టిందండి," అంది అప్పాయమ్మ, మారు వడ్డిస్తూ. "తూకానికి ముందే అమ్మగారి బేసిన్‌లోంచి ఏరానండి. చుట్టానికి పెద్దవి పెట్టాలి కదండీ. మీ దాంట్లో అంతంత పెద్దవి లేవండి."

పల్లంరాజు గారు నోట్లో ఉన్న రొయ్యని మింగారు. "అయితే చెల్లెమ్మ గారి సగటు మన పొట్టల్లో ఉందన్నమాట."

ప్రణతి కంచంలోకి తలవంచుకుని నవ్వింది. రాజుగారు చేతిలో రొయ్యను చూశారు, భార్యను చూశారు. తాళంచెవిని ఎడం చేత్తో మెల్లగా ఆవిడ వైపు జరిపారు.

"తప్పు నాదే కాంతం. నీ చెరువు నువ్వే చూసుకో."

"ఒక్కసారంటే శాంపిల్ చాలదండీ," అంది సూర్యకాంతమ్మ అన్నం కలుపుకుంటూ. "ఇంకొన్నిసార్లు అనండి, సగటు తీద్దాం."