మంచుకొండ మీద తెల్ల అక్షరాలు

బొమ్మ మీద రాసిన అక్షరాలు కనిపించకూడదు!

ఆవేశపడకండి. కాస్త కూర్చుని నేను చెప్పేది వినండి. ఫొటో మీద నాలుగు ముక్కలు రాసి జనం మీదికి వదిలే కళాకారులు ఇవాళ ఇంటికొకరున్నారు. పసుపు పూల మీద పసుపు రంగు. చీకటి మీద నలుపు. కిటకిటలాడే జనం ఫొటో మీద చీమ తలకాయంత అక్షరాలు. వీళ్లను విసుక్కునేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. ఎంత ఉపకారం జరుగుతోందో గ్రహించరే!

కనిపించే అక్షరం ఎంత ప్రమాదమో ఎప్పుడైనా ఆలోచించారా? కంటబడితే చదవాలి. చదివితే అర్థం చేసుకోవాలి. అర్థమైతే ఏదో ఒకటి చెయ్యాలి. పొద్దున్నే అంత ఓపిక ఎవరికుందండీ? అదే కనిపించని అక్షరమైతే ఒక దండం బొమ్మ పెట్టేసి హాయిగా కాఫీ తాగొచ్చు.

మా వీధి చివర పళ్ల డాక్టరు తన ఫ్లెక్సీ మీద నోరంతా తెరిచిన నవ్వు వేయించి, తన పేరూ ఫోన్ నంబరూ ఆ పళ్ల మీదే తెల్ల అక్షరాల్లో రాయించాడు. నష్టమేముంది? నంబరు కోసం తలెత్తి చూసినవాళ్లందరికీ మెడలు పట్టేశాయి. పక్కనే ఎముకల డాక్టరు. నెల తిరక్కుండా ఆయన ఆసుపత్రికి ఇంకో గది కట్టాడు.

మా స్నేహితుడి కూతురి పెళ్లి పత్రిక ఫోన్లో వచ్చింది. బంగారు రంగు మీద బంగారు అక్షరాలు. హాలు పేరు ఎవరికీ అందలేదు. నేను అంచనా మీద వెళ్లి, ముక్కూ మొహం తెలియని వాళ్ల పెళ్లిలో ముందు వరసలో కూర్చుని, మనసారా ఆశీర్వదించి, భోంచేసి వచ్చాను. స్పష్టంగా రాసి ఉంటే ఆ జంటకు నా ఆశీర్వాదం దక్కేదా?

మొన్న నాలుగు రోడ్ల కూడలిలో శ్రద్ధాంజలి బోర్డు వెలిసింది. పేరు మొహాన్ని కప్పేసింది, మొహం మీది మీసాలు పేరుని మింగేశాయి. పోయినాయన ఎవరో తేలక వీధంతా సమానంగా బాధపడింది. ఎదురుపడ్డ ప్రతివాణ్ణీ పట్టుకుని “మీరు బాగానే ఉన్నారుగా?” అని అడగడమే! ఇరుగుపొరుగుల మధ్య అంత ప్రేమ మళ్లీ చూడలేదు.

ఇక అసలు కళాకారుడి దగ్గరికి వద్దాం. మా అపార్ట్‌మెంటు సెక్రటరీ గారు.

ఆయన ఏ సంగతీ ఉత్తినే చెప్పరు. ముందు ఫొటో ఎంచుకుంటారు. తర్వాత అందులో ఉన్న రంగునే ఏరి అక్షరాలకు పూస్తారు. అడవి మీద ఆకుపచ్చ, సూర్యాస్తమయం మీద నారింజ. “మ్యాచింగ్ ఉండాలి కదండీ!” అంటారు. పెద్ద అక్షరాలు పెడితే పువ్వులు కప్పబడిపోతాయని చిన్నవి పెడతారు. మరీ అందంగా ఉండాలనిపిస్తే వాటిని సూర్యుడి చుట్టూ గుండ్రంగా తిప్పుతారు. పొద్దున్నే అది మా గ్రూపులో వచ్చి వాలుతుంది. మేమంతా దండాలూ గులాబీలూ పెడతాం. భవనం మొత్తం ప్రశాంతం.

ఇలా ఉండగా మా అత్తగారికి మోకాలి ఆపరేషన్ అయింది.

ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ ఆవిడది ఒకటే జపం. “నన్ను నా మంచం మీద పడుకోబెట్టండి, చాలు. ఇక్కడ దిండు రాయిలా ఉంది, నర్సు రేడియోలా ఉంది.” డాక్టరు ఒప్పుకున్నాడు. షరతు ఒకటే: మెట్లు ఎక్కకూడదు. మేముండేది అయిదో అంతస్తు. అయితేనేం, లిఫ్ట్ ఉందిగా!

టాక్సీ దిగాం. వాకర్ పట్టుకుని ఆవిడ ఒక్కో అడుగే వేసుకుంటూ లిఫ్ట్ దాకా వచ్చింది. తలుపు తెరిచి ఉంది. లోపల లిఫ్ట్ లేదు. గోతిలోంచి ఒక తల పైకి లేచింది.

“మోటారు విప్పేశామండీ,” అంది తల. అది మెకానిక్‌ది. “వారం పడుతుంది.”

ఎదురు ఫ్లాటే సెక్రటరీ గారిది. బయటికొచ్చి, నన్ను చూసి నొచ్చుకున్నారు. “గ్రూపులో పెట్టానుగా సార్! మీరు దండం కూడా పెట్టారు. ‘అద్భుతం’ అని రాశారు!”

ఫోన్ తీశాను. నిజమే. మంచుకొండ. దాని కింద నా అద్భుతం. జూమ్ చేశాను, బ్రైట్‌నెస్ పెంచాను, ఫోన్ను అటూ ఇటూ వంచాను. చివరికి మా ఆవిడ కనిపెట్టింది. “ఏవండీ, ఈ మబ్బులో ‘లిఫ్ట్’ అని ఉందండీ!”

మా అత్తగారు ఫోన్ తీసుకుని చాలాసేపు చూసింది.

“ఇది చదవాలంటే ఆ కొండ ఎక్కాలా బాబూ?”

“మంచు మీద తెలుపైతేనే క్లాస్‌గా ఉంటుందండీ పెద్దమ్మగారూ.”

“డాక్టరు నన్ను మెట్లే ఎక్కొద్దన్నాడు నాయనా. కొండల సంగతి అడగలేదు.”

ఎత్తుకెళ్దామని కుర్చీ తెచ్చాం. నేనూ సెక్రటరీ గారూ చెరో పక్కా పట్టుకున్నాం. నా నడుం పట్టేసింది. ఇప్పుడు ఎత్తాల్సినవాళ్లు ఇద్దరయ్యారు. మా అత్తగారు నన్నొక చూపు చూసి, వాకర్ తిప్పుకుని, తిన్నగా సెక్రటరీ గారి ముందుగదిలోకి నడిచి దివాను మీద కూర్చుంది. ముందు దిండు నొక్కి చూసింది. తర్వాత టీవీ రిమోట్ అందుకుంది.

మర్నాటికి సెక్రటరీ గారి తల ప్రాణం తోకకొచ్చింది. “ఏదైనా దారి చూడండి సార్,” అన్నారు నాతో, లోగొంతుకతో.

దారి మా అత్తగారే చూపించింది. “తెల్ల కాగితం తీసుకో బాబూ. నల్ల మార్కరు కూడా. నే చెప్పింది చెప్పినట్టు రాయి. లావుగా, దూరం నుంచి కనపడేలా. లిఫ్ట్ పనిచేయదు, వారం పడుతుంది. అయిదో అంతస్తు పెద్దావిడ కింద చిక్కుకుపోయింది. కుర్చీ మోయగలవాళ్లు సాయంత్రం రండి.”

“బ్యాక్‌గ్రౌండ్?”

“కాగితం.”

“కనీసం మూలకొక గులాబీ...”

“గులాబీ నా కుర్చీ మోస్తుందా?”

ఆయన రాశారు. గులాబీ పెట్టాల్సిన మూలను మాత్రం ఖాళీగా వదిలారు పాపం. ఆ కాగితం లిఫ్ట్ తలుపు మీద అంటించారు.

పాఠకులారా, ఇక్కడి నుంచి జరిగిన ఘోరం వినండి. జనం చదివారు!

సాయంత్రానికి లిఫ్ట్ ముందు గుంపు. నలుగురు కుర్రాళ్లు చొక్కా చేతులు మడుచుకుని వచ్చారు. కుర్చీ లేచింది. “నెమ్మది నాయనా, బీరువా కాదు, మనిషిని!” అంటూ మా అత్తగారు మెట్ల మలుపులో మాయమైంది. కాసేపట్లో ఆవిడ తన మంచం మీద, తన దిండు మీద ఉంది.

కింద గుంపు మాత్రం కదల్లేదు. చదవడం అలవాటైపోయిందిగా! వారం ఎందుకు పడుతుంది? మోటారు విప్పేముందు మమ్మల్ని ఎందుకు అడగలేదు? అసలు ఈ మెకానిక్‌ని తెచ్చిందెవరు? మూడో అంతస్తు టీచరమ్మ అన్నిటికన్నా పెద్ద ప్రశ్న వేసింది.

“అది సరే, సెక్రటరీ ఎన్నిక ఎప్పుడండీ?”

“అయిపోయిందమ్మా, పోయిన నెల! పొద్దుతిరుగుడు తోట మీద పెట్టానుగా. మీరు పువ్వులు కూడా పెట్టారు.”

“మీటింగుకి ఎవరొచ్చారు?”

“నేనొచ్చాను. వాచ్‌మన్ బలపరిచాడు. ఏకగ్రీవం!”

ఆ తర్వాత కాసేపు ఎవరేమన్నారో రాయను, ఇది కుటుంబ పత్రిక. గుంపు పలచబడ్డాక ఆయన నా భుజం మీద చెయ్యి వేశారు. కళ్లలో నీళ్లు.

“చూశారా సార్? చదివితే అడుగుతారు. ఇన్నాళ్లూ ఈ భవనం ఇంత ప్రశాంతంగా ఎలా ఉందనుకున్నారు?”

ఆ ఆదివారమే, అక్కడే, లిఫ్ట్ తలుపు ముందే కొత్త ఎన్నిక పెట్టారు. “ఈయన రచయిత కదా, నలుగురికీ అర్థమయ్యేలా రాస్తాడు” అని నన్ను సెక్రటరీని చేశారు. చప్పట్లు కూడా కొట్టారు.

వచ్చే ఆదివారం ట్యాంకు కడిగిస్తున్నాం. పొద్దుటి నుంచీ చుక్క నీరు రాదు. మామూలు రోజున, అందరూ ఆఫీసులకు పోయాక కడిగించాల్సిన పని. ట్యాంకు కడిగేవాళ్లకు ముందుగా చెప్పడం నేను మర్చిపోయాను. ఇక ఆదివారం తప్ప దొరకమన్నారు. ఈ సంగతి నల్ల మార్కరుతో రాస్తే ఏమవుతుందో మీకు తెలుసు. ఆదివారమే ఎందుకు, ముందే ఎందుకు చెప్పలేదు, నువ్వెందుకున్నావు?

అందుకే పొద్దుటి నుంచి వెతికి వెతికి పొగమంచు కమ్మిన చెరువు ఫొటో ఒకటి పట్టాను. బూడిద రంగు దానికి ఎంత చక్కగా నప్పిందో! ‘నీళ్లు’ అన్న మాటను ఆ మూల రెల్లుపొదలో పెట్టాను. కళ అంటే ఇదీ!

పంపే బటన్ మీద వేలు పెట్టబోతున్నాను. లోపలి గదిలోంచి, మంచం మీంచి, మా అత్తగారి గొంతు.

“అల్లుడుగారూ! ఆ ఫోనిలా పట్రండి. మీరు పంపేముందు నేనోసారి చదువుతాను.”