ఐదింటి బండి, గిటార్ బిల్లు

"కొమరయ్యా, ఈ హైదరాబాద్‌లో కోటి మంది ఉన్నారు. అందులో బుర్ర ఉన్నవాళ్లు ఇద్దరు. ఒకడు నేరస్థుడు. రెండోవాణ్ణి నేను."

బుధవారం పొద్దున పదకొండింటికి, దిల్‌సుఖ్‌నగర్‌లో మా గల్లీ చివరి చాయ్ కొట్టు దగ్గర, సాసర్‌లో చాయ్ ఒంపుకుంటూ బాపిరాజుగారు ఈ ప్రకటన చేశారు.

"మరి నేనో?" అన్నాను.

"నువ్వు నోట్సు రాస్తావు."

బాపిరాజుగారిది భీమవరం వైపు. ఇక్కడికొచ్చి ముప్ఫై ఏళ్లయినా ఆ యాస ఒక్క అక్షరం అరగలేదు. సినిమాహాల్లో బుకింగ్ క్లర్కుగా చేసి రిటైరయ్యారు. కౌంటర్ మూసి లోపలికి వెళ్లేసరికి ప్రతి సినిమా సగం అయిపోయేది. అందుకే ఆయనకు దొంగ ఎవరో ఎప్పుడూ తెలుసు. పోయిందేమిటో మాత్రం తెలియదు. ఈ అర్హత మీదే డిటెక్టివ్ అయ్యారు. 'తప్పిపోయినవి, తప్పించుకున్నవి, తప్పు చేసినవి వెతకబడును' అని కార్డులు కూడా కొట్టించారు.

ఇప్పటికి ఛేదించిన కేసులు మూడు. మాయమైన గ్యాస్ రెగ్యులేటర్ సిలిండర్‌కే ఉంది. ఉదయలక్ష్మిగారి కుక్కను ఎత్తుకెళ్లింది వాళ్లాయనే, వాకింగ్‌కి. మూడో కేసు గురించి మాట్లాడొద్దని పోలీసులు చెప్పారు.

నేను కొమరయ్యను. సిటీ బస్సులో ముప్ఫై మూడేళ్లు కండక్టర్‌గా చేశాను. చదివింది ఏడో తరగతి. బాపిరాజుగారికి నోట్సు రాయడానికి అది ఎక్కువే.

సాసర్ ఖాళీ కాకముందే మా పై అంతస్తు శాంసన్ పరుగున వచ్చాడు. ఎలక్ట్రీషియన్. కరెంటు షాక్ కొట్టినా నవ్వే మనిషి, ఆ రోజు నవ్వడం లేదు.

"కాకా, మస్తు పరేషాన్ల ఉన్న. జోస్నా గిటార్ ఇయ్యాల ఐదింటి కొరియర్ బండికి పోవాలె. బిల్లు దొరుకుత లేదు."

జోస్నా వాళ్లమ్మాయి. విశాఖపట్నంలో నర్సింగ్ చదువుతోంది. శనివారం పొద్దున కాలేజీల మధ్య పాటల పోటీ. ఐదుగురు పాడతారు, జోస్నా గిటార్ వాయిస్తుంది. గిటార్ తెచ్చుకోవడానికి ఏడాదిన్నర బతిమాలితే హాస్టల్ వార్డెన్ ఇప్పుడు ఒప్పుకుంది.

"ఆడ్నే ఒక గిటార్ కిరాయికి తీసుకోరాదురా?" అన్నాను.

"దానిది ఎడమచెయ్యి కాకా. ఎడమచేతి గిటార్ యాడ దొరుకుతది? గిదే ఉన్నది ఒక్కటి."

ఎల్‌బీ నగర్‌లో కొరియర్ ఆఫీసు వాళ్లు గిటార్‌కు ఇన్సూరెన్స్ చేస్తామన్నారట. అసలు బిల్లు చూపించాలట. ఇన్సూరెన్స్ లేకుండా పంపడానికి శాంసన్ తల్లి ఎలీశమ్మ ససేమిరా అంటోంది. పోయినేడు ఆమె చెల్లెలికి మిక్సీ పంపితే మూత ఒక్కటే చేరింది.

"కొన్న షాపుల ఇంకో బిల్లు అడుగు," అన్నాను.

"ఆ షాపుల ఇప్పుడు చెప్పులు అమ్ముతున్రు."

బాపిరాజుగారు లేచారు. బూడిదరంగు ఉన్ని మఫ్లర్‌ను మెడ చుట్టూ ఒక్క విసురు విసిరారు. మార్చి నెల, ఎండ మండిపోతోంది. కానీ ఆయన లెక్కలో మెడ కనిపించే డిటెక్టివ్ డిటెక్టివే కాదు.

"పదండి. ఇది బిల్లుతో ఆగే నేరం కాదు."

శాంసన్ ఇంట్లో మంచం మీద గిటార్ వెల్లకిలా ఉంది. పొద్దున్నే ఫోన్లో వీడియో చూసి శాంసన్ ప్యాకింగ్ సగం చేశాడు. బాపిరాజుగారు గడపలోనే ఆగిపోయి రెండు చేతులూ చాపారు.

"ఎవరూ శవాన్ని ముట్టుకోవద్దు."

"గిటార్ సార్," అన్నాడు శాంసన్.

"మెడకు గుడ్డ బిగించారు. రాసుకో కొమరయ్యా, గొంతు నులిమే ప్రయత్నం."

"నేనే కట్టిన సార్. దారిల మెడ ఇరగకుండ."

"తీగలు సడలించారు."

"అది గూడ నేనే. బిగించి పంపితే ఎండకు గుంజుకుంటయి."

"తల కింద కాగితాల దిండు."

"నేనే సార్."

"పెట్టె ముందే తెచ్చి పెట్టుకున్నారు." బాపిరాజుగారు నా చెవిలో, ఇల్లంతా వినపడేలా గుసగుసలాడారు. "ఇంత తొందరగా ఒప్పేసుకున్నవాణ్ణి నా సర్వీసులో చూడలేదు. ఎవర్నో కాపాడుతున్నాడు."

"సార్, పోయింది బిల్లు..."

"అమ్మాయిది ఎడమచెయ్యి కదూ? అయితే నేరస్థుడిది కుడిచెయ్యి."

"ఎట్ల?" అన్నాను.

"ఎడమచేతి వాళ్లంటే పడదు కాబట్టి."

రాసుకున్నాను. నాదీ కుడిచెయ్యే.

ఎలీశమ్మ కింద కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. బాపిరాజుగారు ఆమె ముందు గొంతుక్కూర్చున్నారు.

"అమ్మగారూ, బిల్లు చివరిసారి ఎప్పుడు చూశారండీ?"

"కొన్ననాడు. నేనే జాగ్రత్తగ పెట్టిన."

"ఎక్కడండీ?"

"జాగ్రత్తగ."

"అదేనండీ, ఎక్కడ?"

"గదే యాదికొస్త లేదు బిడ్డా. ఊకె పెడితే యాదికుంటుండె. జాగ్రత్తగ పెట్టిన గద!"

బాపిరాజుగారు లేచి సోదా మొదలుపెట్టారు. ఫ్రిజ్ తెరిచారు. కూరగాయల ట్రే అడుగున, ప్లాస్టిక్ కవర్లో మడతపెట్టి, ఫ్రిజ్ బిల్లు. అటక మీది పెద్ద కుక్కర్ దింపితే లోపల కుక్కర్ బిల్లు. కూలర్ వెనక మూత తీస్తే కూలర్ బిల్లు, కాస్త తడిగా.

"చూశావా! ముఠా ఇల్లంతా గాలించింది. కావలసిన బిల్లు ఒక్కటీ పట్టుకుని, మిగతావి చేతికందిన చోటల్లా కుక్కి పారిపోయింది."

"అట్ల కాదు సార్, మా అమ్మ ఏం జేస్తదంటే..."

"బాధితులు మాట్లాడకూడదు."

అప్పటికి మూడయింది. ఈలోగా జోస్నా నాలుగుసార్లు ఫోన్ చేసింది. నాలుగుసార్లూ "పోయిందా నాన్నా?" అనే అడిగింది. నాలుగుసార్లూ శాంసన్ "పోతది బిడ్డా" అన్నాడు. ప్రతిసారీ గొంతు కొంచెం తగ్గింది.

"బిల్లు కావాలని మొదట అడిగిందెవరు?" అన్నారు బాపిరాజుగారు హఠాత్తుగా.

"కొరియర్ ఆఫీసుల ప్యాకింగ్ చేసే తిరుపతి."

"బిల్లు పోయిందని తెలియనివాడు బిల్లు ఎందుకు అడుగుతాడు?"

ఈ వాక్యం నోట్సులో రాసుకుని రెండుసార్లు చదివాను. నా చదువు చాలలేదు.

బయల్దేరుతుంటే ఎలీశమ్మ చేట పక్కన పెట్టి కొడుకుతో అంది. "ఇన్సూరెన్స్ చీటీ ఫోటో నాకు పంపాలె. చీటీ లేకుంటే గిటార్ ఎనుకకు తే. అది పలిగితే పిల్ల పానం పోతది, ఇంకోటి కొనే తాకత్ నీకు లేదు."

శాంసన్ తలూపి గిటార్ ఎత్తుకున్నాడు. అందులో అబద్ధం లేదు.

ఆటోలో ముగ్గురం. గిటార్ మా ఒళ్లో అడ్డంగా. బాపిరాజుగారు తల బయటపెట్టి వెనక్కి చూస్తున్నారు.

"మన వెనకాల బండ్లు వస్తున్నాయి కొమరయ్యా."

"ఇది విజయవాడ రోడ్డు రాజుగారూ. వస్తయి."

ఎల్‌బీ నగర్‌లో దిగేసరికి నాలుగుంపావు. బాపిరాజుగారు మారువేషం వేశారు. అంటే మఫ్లర్‌ను మెడ మీంచి తల మీదికి మార్చి నల్ల కళ్లద్దాలు పెట్టుకున్నారు.

"రాండ్రి బాపిరాజు సార్," అన్నాడు తిరుపతి, టేపు కత్తిరిస్తూ.

"నన్నెలా గుర్తుపట్టావ్?"

"పోయిన నెల మీ కార్డు ఇచ్చి పోయిన్రు గద. గోడకు అంటించిన." నిజమే. బొద్దింకల మందు కార్డు పక్కనే ఉంది.

"బిల్లు ఎక్కడ?"

"నేను గదే అడుగుతున్న సార్."

బాపిరాజుగారు నా వైపు తిరిగారు. "గట్టి పిండం."

కౌంటర్లో ఉన్న జ్యోతిక శాంసన్ ముందు ఫారం పెట్టింది. "ఒక బిల్లు, నాలుగు ఫోటోలన్నా. బిల్లు లేకుంటే మామూలు పార్శిల్ రాస్త. పలిగితే మాకు సంబంధం ఉండది మల్ల."

శాంసన్ ఫారం చూస్తూ నిలబడ్డాడు. చేతిలో ఫోన్ మళ్లీ మోగింది. ఎత్తలేదు.

తిరుపతికి జాలేసింది. "ఐదింటికి బండి ఆగదు. మీరు సోంచాయించుండ్రి, నేనైతే ప్యాక్ చేస్త" అని గిటార్‌ను బుడగల కవర్లో చుట్టి, పెట్టెలో పెట్టి, పెట్టెను చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. అది అతని పద్ధతి. లోపల చప్పుడైతే దారిలో పగిలినట్టే లెక్క.

కర్రుమంది.

విప్పాడు. మళ్లీ చుట్టాడు. ఊపాడు. కర్రుమంది. ఈసారి గిటార్‌నే బయటికి తీసి గట్టిగా ఊపాడు. కర్... కర్...

"లోపట ఏందో కదులుతుందన్నా."

"ఎవరూ కదలొద్దు!" బాపిరాజుగారు కళ్లద్దాలు తీసేశారు. "ఈ చప్పుడు నాకు తెలుసు. చివరి రీలులో వస్తుంది. అది టైం బాంబు."

"సార్, గిటార్ సార్..."

"ఎల్‌బీ నగర్ ప్రజల ప్రాణాలు నా చేతిలో ఉన్నాయి!" అని గిటార్‌ను తిరుపతి చేతిలోంచి లాక్కుని, మఫ్లర్ కుర్చీ మీద పారేసి, రోడ్డు వైపు పరుగెత్తారు.

రెండో అడుగు బుడగల కవర్ రోల్ మీద పడింది. రోల్ పరుచుకుంటూ పోయింది, ఆయన దాని మీద అడుగులు వేసుకుంటూ పోయారు. పట్ పట్ పట్ పట్!

"కాల్పులు! కాల్పులు! కొమరయ్యా, పడుకో!"

నేను పడుకోలేదు. ఆయన పడుకున్నారు. థర్మకోల్ షీట్ల కట్ట మీద వెల్లకిలా పడ్డారు. షీట్లు సగానికి విరిగాయి. గిటార్ మాత్రం రెండు చేతుల్లో, గాల్లో, బోర్లా ఉంది. దానికి గీత కూడా పడలేదు. దాని గుండ్రటి రంధ్రంలోంచి, రబ్బర్ బ్యాండు వేసిన ఒక ప్లాస్టిక్ కవర్ చుట్ట జారి, తెరిచి ఉన్న బాపిరాజుగారి నోట్లో పడింది.

శాంసన్ ముందు గిటార్‌ను తీసుకున్నాడు. తర్వాత చుట్టను తీసుకున్నాడు. విప్పాడు. బిల్లు. లోపలి కర్ర సందులో రెండేళ్లుగా ఇరుక్కుని ఉన్నది, తిరుపతి ఊపిన ఊపుకు ఊడింది.

ఎలీశమ్మకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు. "అమ్మా, బిల్లు గిటార్ల ఉన్నదే!"

"మరి ఇంకేడ ఉంటది? ఫ్రిజ్ బిల్లు ఫ్రిజ్ల, కుక్కర్ బిల్లు కుక్కర్ల, గిటార్ బిల్లు గిటార్ల. మీరంత ఇంతసేపు యాడ దేవులాడిన్రు?"

కింద పడుకునే బాపిరాజుగారు వేలెత్తారు. "రాసుకో. అంతా నా పథకం ప్రకారమే."

నాలుగూ నలభై. జ్యోతిక బిల్లు చూసుకుని ఫారం నింపింది. నాలుగు ఫోటోలు తీసింది. నాలుగింట్లోనూ బాపిరాజుగారున్నారు. రెండింట్లో గిటార్ కూడా ఉంది. మళ్లీ తీసింది. చీటీ ఫోటో ఎలీశమ్మకు వెళ్లింది.

తిరుపతి పెట్టె సర్ది ఊపాడు. ఈసారి కర్రుమనలేదు గానీ మెత్తగా ఏదో తగిలింది.

"మెడ కింద జర జాగ ఉన్నది. మెత్తటిదేమన్న ఉంటే ఇయ్యుండ్రి కాకా. కవర్ రోల్ మొత్తం సార్ పేల్చిండు, థర్మకోల్ సార్ ఇరగ్గొట్టిండు."

ఐదుకు ఆరు నిమిషాలుంది. బాపిరాజుగారు కౌంటర్ దగ్గర జ్యోతికకు తన మూడో కేసు గురించి చెప్తున్నారు. నేను చుట్టూ చూశాను. కుర్చీ మీద చూశాను.

తిరుపతి పెట్టె మూసి ఊపాడు. చప్పుడు లేదు. టేపు వేశాడు. ఐదింటికి బండి కదిలింది. శాంసన్ రోడ్డు మీదే నిలబడి కూతురికి ఫోన్ చేశాడు. "పోయింది బిడ్డా." ఈసారి గొంతు తగ్గలేదు.

వెనకనుంచి బాపిరాజుగారి కేక వినిపించింది.

"కొమరయ్యా! నా మఫ్లర్!"

గురు, శుక్రవారాలు మఫ్లర్ కేసు జోరుగా నడిచింది. చాయ్ కొట్టువాణ్ణి, ఆటోవాణ్ణి, ఉదయలక్ష్మిగారి కుక్కను ప్రశ్నించారు. పన్నెండు పేజీల నోట్సు రాశాను. శనివారం మధ్యాహ్నం చాయ్ కొట్టు దగ్గర ఉండగా శాంసన్ ఫోన్ పట్టుకుని వచ్చాడు. మొహం నిండా నవ్వు. స్పీకర్లో జోస్నా.

"తాతా! సెకండ్ ప్రైజ్! గిటార్ నిన్ననే వచ్చింది. పెట్టె ఒక పక్క మొత్తం సొట్ట పోయింది, ఎవరో ఎత్తి పడేసిన్రు. సరిగ్గ మెడ కాడ. నా గుండె ఆగింది తాతా. తెరిచి చూస్తే మెడకు ఏం కాలే. కింద ఎవరిదో మఫ్లర్ ఉన్నది, బూడిద కలర్ది, బామ్ వాసన. అది లేకుంటే ఇరుగుతుండె. ఎవరిది తాతా అది?"

నేను గ్లాసులోకి చూశాను.

బాపిరాజుగారు సాసర్ కింద పెట్టారు. ఆ తర్వాత మెల్లగా, ఒక్కో మాటా తూచి అన్నారు.

"అంతర్రాష్ట్ర ముఠా కొమరయ్యా. సరుకును గిటార్ పెట్టెలో దాచి, నా కళ్ల ముందే విశాఖపట్నానికి దాటించారు. ఇది బయటివాళ్ల పని కాదు. లోపలి మనిషి ఒకడు ఉండాలి. రాసుకో."

రాసుకున్నాను. 'లోపలి మనిషి' కింద రెండు గీతలు కూడా గీశాను.