మొగులన్న గొంతు బులెటిన్

"ప్రజలకు ముఖ్య గమనిక. జననేత మొగులన్న గారి గొంతు ఈ ఉదయం నుంచి విశ్రాంతి తీసుకొనుచున్నది. ఈ గొంతు అన్న ఒక్కరిది కాదు, మనందరిది. కావున కార్యకర్తలు ధైర్యంగా ఉండవలెను."

మేడ్చల్ పార్టీ ఆఫీసు నుంచి పీఏ షుకూర్ వాట్సాప్‌లో వదిలిన ఈ మొదటి బులెటిన్ చదివి, ధైర్యంగా ఉండలేకపోయినవాడు రవీందర్.

దానికి కారణం ఉంది. "పన్నెండో వార్డు టికెట్ నీదే తమ్మీ, నా నోటితోని నేనే జెప్తా" అని అన్న మాటిచ్చి ఇంకా వారం కాలేదు. పెళ్లికి ముందు నుంచి జెండా మోస్తున్నా, ఫ్లెక్సీ మీద రవీందర్ ఫోటో ఇప్పటికీ కింది మూలన, బొట్టుబిళ్లంత గుండ్రంలోనే ఉంటుంది. ఈసారి తన ఫోటో నిలువెత్తున వేయించి, బీరువా వెనక చుట్టి దాచాడు. భార్య నయన చూసి నవ్వింది గానీ, దుమ్ము పడకుండా పాత చీర కప్పింది కూడా ఆమే.

అయితే పార్టీ పెద్దలు ఈసారి కొత్త పద్ధతి పెట్టారు. అభ్యర్థి ఎవరో ఇన్‌చార్జి మొగులన్నే స్వయంగా ఫోన్‌లో, నోటితో చెప్పాలి. కాగితాలు చెల్లవు. కిందటిసారి ఒకే వార్డుకు నలుగురి పేర్లతో నాలుగు ఉత్తరాలు వెళ్లాయి, నాలుగింటి మీదా మొగులన్న సంతకమే. అన్నది ఎవరినీ కాదనలేని మనసు. ఆఖరి రోజు మధ్యాహ్నం మూడింటిలోపు పేరు చెప్పకపోతే, ముందుగా నామినేషన్ వేసినవాళ్లే అభ్యర్థి అవుతారు. ముందుగా వేసింది మొగులన్న భార్య శోభారాణి, రవీందర్ వేసింది ఆ తర్వాత. అది ఉత్త డమ్మీ, ఎందుకైనా మంచిదని వేయించింది. ఆమె పేరు ప్రతిపాదిస్తూ సంతకం పెట్టినవాడు కూడా రవీందరే. అంత నమ్మకం అన్నకు అతని మీద.

అన్న ఆరోగ్యం మొదటి నుంచీ ఎన్నికల నోటిఫికేషన్‌కు సున్నితం. మొన్నటి టికెట్లప్పుడు నోటిపూత. అంతకు ముందు టికెట్లప్పుడు గవదబిళ్లలు. అవి పిల్లలకు కదా వచ్చేది అని ఎవరో గొణిగితే, అన్నది పసి మనసు అని షుకూర్ వివరించాడు.

రవీందరే కారు మాట్లాడి అన్నను గొంతు డాక్టరు సుమేరా దగ్గరికి తీసుకెళ్లాడు. ఆమె లైటు వేసి లోపలికి చూసింది. మళ్లీ చూసింది.

"కొంచెం ఎర్రగా ఉంది, అంతే. గోరువెచ్చటి ఉప్పునీళ్లు పుక్కిలించండి, ఆవిరి పట్టండి. గుసగుసలు కూడా వద్దు, వాటితో గొంతు ఇంకా అలిసిపోతుంది. రెండు రోజుల్లో తగ్గిపోతుంది."

అన్న ఆ రెండు రోజుల దగ్గర పెదవి విరిచి, క్యాలెండర్ మీద నామినేషన్ల ఆఖరి తేదీ చూపించాడు.

"గప్పటిదాంక రాయుండ్రి మేడం," అన్నాడు షుకూర్.

"గొంతుకు తేదీలు తెలియవండీ," అంది డాక్టర్.

అంత పెద్ద నాయకుడికి మామూలు మనిషి వైద్యం ఎలా సరిపోతుందని రవీందర్ కూడా బాధపడ్డాడు. బాధపడి ఊరుకోలేదు. అన్నను శామీర్‌పేటలో సుక్కమ్మ ఇంటికి తీసుకెళ్లాడు.

కొండనాలుక జారితే నడినెత్తి వెంట్రుకలు పట్టి ఒక్క గుంజు గుంజి పైకి లేపడం సుక్కమ్మ విద్య. అరుగు మీద కూర్చోబెట్టి, అన్న తలపాగా తీసింది. నడినెత్తి అద్దంలా మెరుస్తోంది.

"ఏం బట్టుకొని గుంజాలె కొడుకా?" అంది సుక్కమ్మ.

అన్న చుట్టూ చూశాడు. షుకూర్ కూడా చూశాడు. ఇద్దరి చూపులూ రవీందర్ ఒత్తయిన జుట్టు మీద ఆగాయి.

"గొంతు ఒకలది, నెత్తి ఒకలదా?"

"పార్టీల గట్లనే ఉంటదవ్వా," అన్నాడు షుకూర్.

రవీందర్ తల వంచాడు. సుక్కమ్మ గుంజింది. వీధి చివర కోళ్లు ఎగిరేలా కేక వేసింది రవీందర్ అయినా, హాయిగా నిట్టూర్చింది మాత్రం అన్న. సాయంత్రం బులెటిన్ వచ్చింది: "అన్న కొండనాలుక యథాస్థానంలో ఉన్నది. వెంట్రుకలు సమర్పించిన సోదరుడికి అభినందనలు." సోదరుడి పేరు లేదు. రవీందర్ దాన్ని నయనకు చూపించి, "గా సోదరుడు నేనే" అన్నాడు.

అయినా మాట రాలేదు. ఇక మిగిలింది ప్రజా ఉద్యమమే. శామీర్‌పేట చెరువు కట్ట దగ్గర టెంట్లు వేసి రవీందర్ 'సామూహిక పుక్కిలింత దీక్ష' పెట్టాడు. కొంపల్లి నుంచి కార్లలో, నాగారం నుంచి ఆటోల్లో జనం వచ్చారు. డప్పు మోగగానే అందరూ ఒక్కసారి తలెత్తి గరగరమన్నారు. చెరువులో కొంగలు లేచిపోయాయి. టీవీ విలేకరి మైకు పెడితే ఒక కార్యకర్త బైట్ కూడా గరగరమనే ఇచ్చాడు, దాన్ని రాత్రి వార్తల్లో రెండుసార్లు వేశారు. ఇంకొకాయన ఆవేశంలో ఉప్పునీళ్లు మింగేసి, త్యాగం చేశానని దండ వేయించుకున్నాడు.

పుక్కిలింతకూ పుక్కిలింతకూ మధ్య రవీందర్ నినాదాలు ఇచ్చాడు.

"మొగులన్న గొంతు!"

"వర్ధిల్లాలి!"

పొద్దు గూకేదాకా ఇచ్చాడు. మర్నాడూ ఇచ్చాడు. డాక్టర్ సుమేరా క్లినిక్‌కు వెళుతూ అటుగా వచ్చి, కారు ఆపి అద్దం దించింది.

"మీరు నోరు మూసుకోండి," అంది రవీందర్‌తో. "అరుపు ఆపకపోతే మీ గొంతు పోతుంది."

"నాది పోతే పోనీ మేడం," అన్నాడు రవీందర్. అప్పటికే అది సగం గాలిగా వచ్చింది.

ఆఖరి రోజు వచ్చింది. పార్టీ ఆఫీసులో అన్న మెడకు శాలువా చుట్టుకుని కూర్చున్నాడు. రవీందర్ ఎదురుగా నిలబడ్డాడు. జేబులో స్వీట్ల షాపు రసీదు ఉంది, నయన చెప్పిందని మోతీచూర్ లడ్డూలకు అడ్వాన్స్ ఇచ్చి వచ్చాడు. మూడుకు పది నిమిషాలుందనగా పెద్దల నుంచి ఫోన్ వచ్చింది. షుకూర్ స్పీకర్ ఆన్ చేసి అన్న నోటి దగ్గర పెట్టాడు.

"పన్నెండో వార్డు ఎవరికి?"

అన్న లేచి నిలబడ్డాడు. నోరు తెరిచాడు. మెడ నరాలు ఉబ్బాయి, కళ్లలో నీళ్లు తిరిగాయి. గాలి తప్ప ఏమీ రాలేదు. రవీందర్ ఒక అడుగు ముందుకేశాడు. "నేను, రవీందర్" అని తానే అందామనుకున్నాడు. తన నోట్లోంచి కూడా గాలే వచ్చింది.

"హలో? పేరు చెప్పండి."

అన్న మళ్లీ ప్రయత్నించాడు. ఇంత కష్టం తన కోసమే కదా అని రవీందర్ చేతులెత్తి దండం పెట్టాడు. అన్నను చూడలేక గోడ గడియారం చూశాడు.

మూడయింది. ఫోన్ పెట్టేశారు.

"షుకూర్," అన్నాడు మొగులన్న, "చాయ్ జెప్పు. అల్లం జర ఎక్కువెయ్యమను."

ఆ గొంతు వీధి దాకా ఖంగున మోగింది. ఎక్కడా జీర లేదు. బయట కార్యకర్తలు టపాసులు కాల్చారు. సామూహిక పుక్కిలింత ఫలించిందని షుకూర్ అక్కడికక్కడే ఆఖరి బులెటిన్ వదిలాడు. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది రవీందర్. కొడుతూ కొడుతూ ఆగిపోయాడు.

అన్నే దగ్గరికి వచ్చి రవీందర్ భుజం మీద చెయ్యి వేశాడు. రవీందర్ నోరు తెరిచాడు. పెదవులు కదిలాయి, మాట లేదు.

"అరె, నీ గొంతుకేమైంది తమ్మీ? పైలం మరి. రేపటి సంది మీ వదినెకు నినాదాలు నువ్వే ఇయ్యాలె."

షుకూర్ గోరువెచ్చటి ఉప్పునీళ్ల గ్లాసు తెచ్చి చేతిలో పెట్టాడు. రవీందర్ ఒక గుక్క నోట్లో పోసుకున్నాడు. తర్వాత తల పైకెత్తాడు.